తిరగని వంతు

ఎర్రగుంటపల్లి బడి గేటు తాళం ఎలీషమ్మ చేతికి తప్ప ఇంకెవరికీ లొంగదు. హెడ్మాస్టరు తిప్పితే బిగుసుకుపోతుంది, టీచర్లు తిప్పితే తాళంచెవి వంగుతుంది. ఎలీషమ్మ మాత్రం దాన్ని కాస్త పైకెత్తి, ఎడమకు ఒకసారి కదిపి, అప్పుడు కుడికి తిప్పుతుంది. ఆయమ్మగా ఇరవై రెండేళ్ల స్నేహం మరి. ఇదే గేటులోంచి పలక పట్టుకుని వచ్చిన రోజులు కూడా కలిపితే ఇంకా పెరుగుతుంది గానీ, ఆ సంగతి ఎవరూ అడగరు.

మేడ్చల్ నుంచి శామీర్‌పేట పోయే దారిలో, వెంచర్ల బోర్డుల మధ్య ఇరుక్కుని ఉంటుంది ఆ బడి. బుధవారం పొద్దున ఏడున్నరకు తాళం తీసి, చెప్పులు స్టాఫ్ రూము గడప దగ్గర విడిచి, కొంగు నడుముకు చుట్టి ఎలీషమ్మ పనిలోకి దిగింది. ముందు గదులు. చీపురు వెనక బల్లల నుంచి ముందుకు రావాలి గానీ ముందు నుంచి వెనక్కి పోకూడదు. పోతే దుమ్మంతా వెనక బల్లల పిల్లల పాలవుతుంది. వెనక బల్లల మీద ఎవరి పిల్లలు కూర్చుంటారో ఆమెకు బాగా తెలుసు. తర్వాత వరండా, ఆ తర్వాత మంచినీళ్ల ట్యాంకు దగ్గర పాకుడు. చివరికి మరుగుదొడ్లు. ఆడపిల్లలవి నాలుగు, మగపిల్లలవి మూడు.

ఇక్కడ ఎలీషమ్మది ఒక శాస్త్రం. పొడి నేల మీద బ్లీచింగ్ పొడి చల్లాలి. బయటికి వచ్చి పది నిమిషాలు ఊరికే కూర్చోవాలి. మళ్లీ పోయి బ్రష్షుతో రుద్దాలి. అప్పుడే నీళ్లు. ముందే నీళ్లు పోశావా, పొడి కాస్తా కాలువలోకి కొట్టుకుపోతుంది, మరక మాత్రం మన మొహం చూసి నవ్వుతూ అక్కడే ఉంటుంది. ఇది తెలియనివాళ్లు బకెట్ల కొద్దీ నీళ్లు కుమ్మరించి, ముక్కు మూసుకుని, అబ్బ ఎంత బాగైందో అనుకుంటారు. అలాంటివాళ్లను చూస్తే ఎలీషమ్మకు ఒళ్లు మంట.

ఆమె ఆ పది నిమిషాలు కూర్చుని ఉండగానే సృజన టీచర్ స్కూటీ వచ్చి వేపచెట్టు కింద ఆగింది. సృజన ఉండేది గండిమైసమ్మలో. ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు, ఎనిమిదో తరగతికి క్లాస్ టీచరు. మంచి పిల్ల. ఆ బడి టీచర్లలో 'ఆయమ్మా' అనకుండా పేరు పెట్టి పిలిచేది ఆమె ఒక్కతే.

"ఎలీషమ్మా, ఖబర్ తెలుసా? శనివారం మన బడిల పాత విద్యార్థులు కలుస్తున్నరు. ఎనబై తొమ్మిది పదో తరగతోళ్లు. మీ ఊరి సుధాకర్ సార్ నిన్న హెడ్మాస్టర్ సార్‌కు ఫోన్ జేసిండు."

"నేను గూడ గాళ్లతోనే సదివిన మేడం. తొమ్మిది దాక."

"అయ్యో, నాకెప్పుడు చెప్పనే చెప్పలేదు!" సృజన హెల్మెట్ తీసి వచ్చి గట్టు మీద పక్కనే కూర్చుంది. "అయితే శనివారం సఫాయి నీకు గూడ యాదికుంటది. ప్రతి శనివారం పిల్లలు, సార్లు అందరు కలిసి బడి కడిగేటోళ్లట గదా? ఎవరి పని వాళ్లకు బోర్డు మీద రాసి ఉండేదట, వంతులు అనేటోళ్లట. గా వంతులు మళ్ల షురూ జేద్దామంటున్నరు సుధాకర్ సార్. శనివారం పాతోళ్లు వాళ్ల వంతులు వాళ్లు చేసి చూపిస్తరు. వచ్చే వారం నుంచి మా పిల్లలు. మంచిగుంది గదా?"

"మస్తుగుంటది మేడం," అన్నది ఎలీషమ్మ. కళ్లలో నీళ్లు తిరిగాయి. పొడి ఘాటు అనుకుంది సృజన.

ఘాటు కాదు. శనివారం ఆఖరి రెండు పీరియడ్లు కళ్ల ముందు నిలబడ్డాయి. మధుసూదన్ సార్ ధోవతి మోకాళ్ల పైకి ఎగ్గట్టి సున్నం తొట్టి దగ్గర ఉండేవాడు. బోరింగ్ నుంచి వరండా దాకా పిల్లలు వరుస కట్టి బకెట్లు చేతులు మార్చుకునేవాళ్లు. గదులు పేడతో అలికితే ఆ పచ్చి వాసన సోమవారం పాఠాల దాకా ఉండేది. పద్మ కనకాంబరాలకు నీళ్లు పోస్తూ సగం తన పరికిణీ మీదే పోసుకునేది. సుధాకర్‌ది గంట వంతు. వేపకొమ్మకు వేలాడే రైలుపట్టా ముక్కను వాడు ఇనుపకడ్డీతో కొడితే కుంట అవతలి పొలాల్లో కూడా పని ఆపి చూసేవాళ్లు. పని అయ్యాక సార్ అందరికీ దోసెడు పుట్నాలు, బెల్లం ముక్క పెట్టేవాడు. తడి చేతుల్లో బెల్లం కరిగి మణికట్టు దాకా కారితే, నాకుతూ ఇళ్లకు పోయేవాళ్లు. అంత తీపి బెల్లం మళ్లీ ఆమె ఎన్నడూ తినలేదు.

"నీ వంతేంది మరి?" అడిగింది సృజన.

"నాది పాయఖాన మేడం. అప్పుడు గట్లనే అనేటోళ్లు." ఎలీషమ్మ కాస్త సిగ్గుపడింది. తర్వాత, ఎవరికీ చూపించని నగను మూట విప్పి చూపించినట్టు, మెల్లగా చెప్పింది. "పనైనంక మధుసూదన్ సార్ ఒచ్చి చూస్తుండె. అందరి ముంగట అంటుండె. ఎలీషా జేస్తే అద్దం లెక్క ఉంటది అని."

"అబ్బ, ఎంత మంచి మాట!" అన్నది సృజన నిజంగానే మురిసిపోయి.

ఆమె లోపలికి పోయాక ఎలీషమ్మ బ్రష్షు తీసుకుని లేచింది. పోతూ పోతూ వేపచెట్టు దగ్గర ఆగి, తుప్పు పట్టిన పట్టా ముక్క మీద అరచెయ్యి వేసింది. ఇప్పుడు బడికి కరెంటు గంట ఉంది. ఇది ఉత్తగానే వేలాడుతోంది, దసరాకు దసరాకు ఎవరో పసుపు పెడతారు. దీన్ని ఒక్కసారైనా కొట్టాలని చిన్నప్పుడు ఎంత ఆశగా ఉండేదో. ఇప్పుడు కొట్టవచ్చు, ఆపేవాడు లేడు. కానీ వంతు లేకుండా కొట్టే గంటలో ఏం రుచి ఉంటుంది?

*

గురువారం రెండో పీరియడ్‌లో ఎలీషమ్మ ఎనిమిదో తరగతి కిటికీ అద్దాలు బయటి నుంచి తడి కాగితంతో తుడుస్తోంది. లోపల మూడో బల్ల చివర ఆమె మనవరాలు కెజియా కూర్చుని ఉంది. రెండు జడలూ ముందుకు వేసుకుని, వాటి చివర్లు లెక్కపెడుతున్నట్టు పట్టుకుని, బోర్డు వైపు చూస్తోంది.

సృజన బోర్డు మీద అందంగా గీతలు కొట్టి రాస్తోంది. చెట్లకు నీళ్లు, అశ్రిత, నవ్యశ్రీ. బోర్డులు తుడవడం, అన్వేష్. గంట, సుజిత్. ప్రతి పేరుకూ క్లాసులో గోల. చివరికి 'వాష్‌రూంలు' అని రాసి, గీత గీసి, వెనక్కి తిరిగింది.

"ఇది ఎవరు చేస్తరు?"

గోల ఆగిపోయింది. ఎవరో కిసుక్కున నవ్వారు. అశ్రిత పుస్తకంలోకి తలదూర్చింది. సృజన కళ్లు ఒక్కో బల్లే దాటుకుంటూ వచ్చి మూడో బల్ల చివర ఆగాయి. ఆమె మొహం వెలిగింది.

"కెజియా, నువ్వు చేస్తవా? మీ అవ్వ దగ్గర చూసి ఉంటవు, నీకు అలవాటే గదా. కెజియా జేస్తే అద్దం లెక్క ఉంటది!"

ఎలీషమ్మ చెయ్యి కిటికీ మీద ఆగిపోయింది. తడి కాగితంలోంచి నీళ్లు మోచేతి దాకా కారాయి. ముప్పై ఐదేళ్లు దాచుకున్న మాట. నిన్న తానే మూట విప్పి చూపించింది. దాన్ని సృజన తెచ్చి, మంచి మనసుతోనే, కెజియా మెడలో వేస్తోంది.

కెజియా లేచి నిలబడింది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండు అనిపించింది ఎలీషమ్మకు. కెజియా నవ్వింది. "సరే మేడం," అన్నది. క్లాసంతా చప్పట్లు కొట్టింది. సుద్దముక్క గీత మీద 'కెజియా' అని రాసింది.

ఇంటర్వెల్‌లో ఆ పిల్ల పరుగున వచ్చి అవ్వ నడుము పట్టుకుంది. "అవ్వా, నాకు నీ వంతొచ్చింది!"

"నీకు గంట కొట్టబుద్ధి కాలేదానే?"

"గంట సుజిత్‌ది గదా. మేడం నన్నే అడిగింది అవ్వా. అందర్ల నన్నొక్కదాన్నే!"

ఎలీషమ్మ దాని జడ సర్దింది. అనేదేముంది? పన్నెండేళ్లప్పుడు తానూ వాళ్లమ్మ దగ్గరికి ఇలాగే పరిగెత్తింది. ఇదే మాట చెప్పింది.

వాళ్ల ఇల్లు చర్చి వాడలో. కొడుకు ఎడ్వర్డ్ గాజులరామారం దగ్గర కంపెనీలో పని చేస్తాడు, ఆ వారం సెకండ్ షిఫ్టు. సాయంత్రం కోడలు రేచల్ రొట్టెలు చేస్తుంటే, కెజియా బాత్రూం గుమ్మంలో పొడి డబ్బా ఒక చేత్తో, మగ్గు ఇంకో చేత్తో పట్టుకుని నిలబడింది.

"అవ్వా, నేర్పియ్యి. ముందు నీళ్లా, ముందు పొడా?"

ఎలీషమ్మ చేటలో బియ్యం ఏరుతోంది. తల ఎత్తలేదు.

"అవ్వా, చెప్పవేంది? ముందు నీళ్లా, ముందు పొడా?"

"సదువుకో పోవే," అన్నది, ఎన్నడూ లేనంత కటువుగా. పిల్ల బిక్కమొహం వేసుకుని డబ్బా కింద పెట్టింది.

రేచల్ రొట్టె తిరగేస్తూ, "ఎందుకత్తమ్మా దాని మీద కోపం? వారానికి ఒక్క దినమే గదా. మీరు జెయ్యట్లేదా?" అన్నది.

"నాకు గూడ వారానికి ఒక్క దినమే అన్నరు రేచల్."

బియ్యంలో రాళ్లు కనిపించడం మానేశాయి. 'అలవాటే గదా' అన్న మాట ఆమెలో ముల్లులా కదులుతోంది. ఎవరికి అలవాటు? ఆ రోజుల్లో ఈ వాడలో ఒక్క ఇంటికీ పాయఖాన లేదు. తెల్లవారకముందే తుమ్మచెట్ల వెనక్కి పోవడమే. బడిలో కొత్తగా కట్టినప్పుడు లోపలి తెల్లటి పింగాణీ చూసి, ఇది చేతులు కడుక్కునేదేమో అనుకుంది తాను. ముట్టుకుని చూసి, ఎంత నున్నగా ఉందో అని మురిసింది కూడా. దాన్ని ఎలా కడగాలో మధుసూదన్ సార్ గడప బయట నిలబడి, ముక్కుకు రుమాలు పెట్టుకుని చెప్పాడు. అవును, గడప బయటే. ఎన్నడైనా లోపలికి వచ్చాడా? అద్దంలా ఉందని బయటి నుంచే అనేవాడు.

ఇన్నేళ్లలో ఆ రుమాలు ఆమెకు ఒక్కసారీ గుర్తు రాలేదు. ఇప్పుడు గుర్తొచ్చి కూర్చుంది, పొమ్మంటే పోదు.

*

శుక్రవారం పొద్దున స్కూటీ ఆగీ ఆగకముందే ఎలీషమ్మ సృజనకు ఎదురు వెళ్లింది.

"మేడం, కెజియా వంతు మార్చరాదు?"

సృజన ఆశ్చర్యపోయింది. "ఎందుకు ఎలీషమ్మా? దానికి చాత కాదంటవా?"

"చాత గాకేం. చాతనైతదనే..." అని ఆగింది.

"చూడు, శుభ్రం చేసే పని చిన్నతనం కాదు. ఏ పనైనా గొప్పదే అని నేను పిల్లలకు పాఠం చెప్పుతున్న. నువ్వే గిట్లంటే ఎట్ల? నీ పని నువ్వే తక్కువ చేసుకుంటవా?"

రోకలికి చిగుళ్లు పుట్టించేంత చక్కగా చెప్పింది. ఎలీషమ్మ దగ్గర జవాబు ఉంది గానీ నోటి దాకా రాలేదు. పని గొప్పదే అయితే అశ్రితకు ఎందుకు ఇవ్వలేదు మేడం? అంత చిన్న మాట. సృజన ఆమె భుజం తట్టి, గొప్ప సాయం చేసిన తృప్తితో స్టాఫ్ రూములోకి పోయింది.

పదకొండింటికి తెల్ల కారులో సుధాకర్ వచ్చాడు. పొలాలు అమ్మి, ప్లాట్లు కొని, మళ్లీ ప్లాట్లు అమ్మి, ఇప్పుడు మండలంలో నలుగురికి చెప్పగలిగినవాడయ్యాడు. ఇరవై రెండేళ్ల కింద బడిలో ఎలీషమ్మను పెట్టుకోమని చెప్పిందీ ఆయనే. ఈ రోజుకీ ఆమెది పర్మినెంటు ఉద్యోగం కాదు, ఆయన వద్దంటే పోయేదే. కారు దిగి రెండు చేతులూ చాపి బడిని చూశాడు. కళ్లు నిజంగానే చెమర్చాయి.

"ఎలీషా! ఏమన్న రోజులానే గవి?"

"అవును పటేలా."

"గిదేంది, అప్పుడు సుధాకర్ అంటుంటివి, ఒకసారి కట్టె గూడ ఇసిరినవు నా మీద." పకపకా నవ్వాడు. వేపచెట్టు దగ్గరికి పోయి పట్టా ముక్కను వేలితో టంగుమనిపించాడు. "రేపు మళ్ల గవ్వే వంతులు. నాకు గంట, పద్మకు చెట్లు, నీకు పాయఖాన. పద్మ మచ్చ బొల్లారం నుంచి వస్తాంది. మధుసూదన్ సార్‌ను గూడ కార్ల తోలుకొస్తున్న, ఎనబై ఆరేండ్లు ఆయనకు. నీకు కొత్త బ్రష్షు, గ్లౌజులు గూడ కొన్న. వీడియో తీపిస్త."

ఎలీషమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంది. తుడిచిన చేతుల్నే మళ్లీ తుడిచింది.

"పటేలా, వంతంటే తిరుగుతది గదా. మనయి ఎందుకు తిర్గలే?"

సుధాకర్ ఒక క్షణం ఆలోచించాడు. ఆయన మొహంలో కపటం లేదు, ఎన్నడూ ఆలోచించనిది ఆలోచించవలసి వచ్చిన ఇబ్బంది మాత్రం ఉంది. "ఏమో ఎలీషా. నువ్వు మస్తు జేస్తుంటివి గదా, అందుకే సార్ మార్చకపోవచ్చు," అన్నాడు. అంతలో ఫ్లెక్సీ వాడు ఫోన్ చేశాడు. పరేషాన్ అవుతూ అటు పోయాడు.

ఆ మధ్యాహ్నం ఆమె అన్నం డబ్బా విప్పి, మూత పెట్టి, మళ్లీ విప్పింది. నోరు తెరిస్తే ఉద్యోగం ఏమవుతుందో తెలియదు. అయినా ఆమెను అంతకంటే ఎక్కువ భయపెట్టింది ఇంకోటి. ఆ శనివారాలే ఆమెకు ఉన్న తీపి. బెల్లం, కనకాంబరాలు, సార్ మాట. నోరు తెరిస్తే అవి మళ్లీ ముందులా ఉండవు. మూసుకుంటే కెజియాకూ అవే శనివారాలు మొదలవుతాయి, యాభై ఏళ్ల వయసులో ఆ పిల్ల కూడా ఇలాగే ఎవరికో మూట విప్పి చూపిస్తుంది.

తన తీపి పోతే పోనీ అనుకుంది. అనుకున్నాక బాగా ఏడుపొచ్చింది. ట్యాంకు వెనక్కి పోయి, మొహం కడుక్కుని, మిగిలిన గదులు ఊడ్చింది.

*

శనివారం బడి పెళ్లిపందిరిలా ఉంది. గేటుకు మామిడాకులు, ఫ్లెక్సీ మీద పాత గ్రూప్ ఫొటో. అందులో ఎలీషమ్మ లేదు, పదో తరగతి దాకా చదవలేదు కదా. పద్మ వచ్చీ రాగానే ఆమెను కావలించుకుంది. "నా పరికిణీ తడిస్తే నీ ఓణీ ఇస్తుంటివి ఎలీషా, మర్చిపోయిననుకున్నవా?" అన్నది. ఎలీషమ్మ నవ్వింది, మనసు కాస్త మెత్తబడింది. పుట్నాలు, బెల్లం ఒక పళ్లెంలో తెప్పించి పెట్టాడు సుధాకర్. ఏదీ మర్చిపోలేదు మహానుభావుడు.

మధుసూదన్ సార్‌ను వేపచెట్టు కింద కుర్చీలో కూర్చోబెట్టారు. చెవులు వినపడవు, చేతులు వణుకుతాయి. అయినా ఎలీషమ్మ కాళ్లకు మొక్కితే తల మీద చెయ్యి పెట్టి, "అద్దం లెక్క జేస్తుండె," అని పక్కవాళ్లకు చెప్పాడు. ఈయన ముందు ఎలా అనడం?

ఎనిమిదో తరగతి పిల్లలు వరండాలో వరసగా నిలబడ్డారు. ముందు వరసలో కెజియా, అవ్వ ఏం చేస్తుందో చూసి నేర్చుకోవాలని మెడ చాచి ఉంది. సృజన సెల్‌ఫోన్ పట్టుకుని వీడియో మొదలుపెట్టింది. సుధాకర్ కొత్త బ్రష్షు, పొడి డబ్బా, గులాబీ రంగు గ్లౌజులు తెచ్చి ఎలీషమ్మ చేతుల్లో పెట్టి, గంట కడ్డీ కోసం చెట్టు వైపు తిరిగాడు.

ఎలీషమ్మ ఆయన కంటే ముందే నడిచింది. కడ్డీ ఇప్పటికీ చెట్టు తొర్రలోనే ఉంటుందని ఆమెకు తెలుసు. దాన్ని తీసుకుని, పట్టా ముక్క పక్కన నిలబడింది.

"ఎలీషా, గాడ నిలబడ్డవేంది? నీ వంతు అవతల. జల్దీ పో, ఫొటో తియ్యాలె."

"సుధాకర్," అన్నది ఆమె. పటేలా అనలేదు. ఆ పేరు ఆమె నోట ముప్పై ఐదేళ్లకు వచ్చింది. "వంతంటే తిరుగుతది గదా. ఇయ్యాల గంట నాది. ఇది నీది."

బ్రష్షు, డబ్బా, గ్లౌజులు ఆయన చేతుల్లో పెట్టింది.

అందరూ ఘొల్లున నవ్వారు. "ఎలీషా ఇంక గట్లనే ఉంది!" అన్నారు ఎవరో. సుధాకర్ కూడా నవ్వాడు. "నాకేం తెలుస్తదే? నీకంటే అలవాటు."

"నాకెట్ల అలవాటు సుధాకర్?" ఆమె గొంతులో కోపం లేదు, అడగవలసింది అడుగుతున్నట్టుంది అంతే. "మా వాడల ఒక్క ఇంటికి గూడ పాయఖాన లేకుండె. నేను మొదలు జూసిందే గీ బడిల. అప్పుడు ఊరు మొత్తంల ఉన్నది మీ ఒక్క ఇంట్లనే. అలవాటుంటే గింటే నీకే ఉండాలె."

మళ్లీ నవ్వు మొదలైంది. మొదలై, సగంలో ఆగిపోయింది. పద్మ చీర చెంగు వేలికి చుట్టుకుంటూ నేల చూసింది.

"ఏమంటాంది? ఎలీషా ఏమంటాంది?" అని మధుసూదన్ సార్ అడిగాడు.

చివరికి పద్మే వంగి ఆయన చెవిలో గట్టిగా అన్నది. "వంతు మార్చమంటాంది సార్! ముప్పై ఐదేండ్ల సంది మార్చలేదంటాంది!"

ముసలాయన ఎలీషమ్మ వైపు చాలాసేపు చూశాడు. "మంచిగ జేస్తదని మార్చలేదనుకున్న," అన్నాడు. తర్వాత తనకు తానే చెప్పుకుంటున్నట్టు, "అట్లనే అనుకున్న," అన్నాడు. ఆమె వైపు తిరిగి, "బోర్డు మీద రాసింది నేనే. తుడవనిది గూడ నేనే బిడ్డా."

ఆ ఒక్క మాటతో ఎలీషమ్మకు ఆయన మీద ప్రేమ, కోపం రెండూ ఒకేసారి పొంగాయి. ఏది ఎక్కువో ఆమెకే తెలియలేదు.

సృజన వీడియో ఎప్పుడు ఆపిందో ఎవరూ చూడలేదు. ఫోన్ పట్టుకున్న చెయ్యి కిందికి వాలిపోయి ఉంది. మొహం కందిపోయింది. ఎనిమిదో తరగతి గదిలోకి పోయింది. కిటికీలోంచి డస్టర్ చప్పుడు వినిపించింది, గీతలతో సహా అన్నీ తుడిచేస్తున్నట్టు చాలాసేపు వినిపించింది.

ఎలీషమ్మ కడ్డీ ఎత్తింది. చెయ్యి తడబడి మొదటి దెబ్బ పక్కకు జారింది, టిక్కుమంది. పిల్లలు నవ్వారు. రెండో దెబ్బ సరిగ్గా పడింది. ఆ మోత పట్టా ముక్కలోంచి ఆమె భుజంలోకి, భుజంలోంచి ఛాతీలోకి వచ్చింది. గంట కొడితే కొట్టినవాళ్ల ఒంట్లో కూడా మోగుతుందని ఆమెకు ఇన్నేళ్లూ తెలియదు. వాడొక్కడే అనుభవించాడు, దొంగ సచ్చినోడు, అనుకుంది. అనుకుని నవ్వింది. మళ్లీ కొట్టింది. రోడ్డు అవతల వెంచర్లో ప్లాటు కొలుస్తున్నవాళ్లు పని ఆపి ఇటు చూశారు.

కెజియా వరసలోంచి తప్పించుకుని వచ్చి కొంగు పట్టుకుంది. "అవ్వా, నేను ఒక్కసారి!"

"ఆగవే. నా వంతు గానియ్యి ముందుగాల."

అప్పుడు చూసింది. సుధాకర్ తెల్ల ప్యాంటు మోకాళ్ల దాకా మడుచుకుంటున్నాడు. గ్లౌజులు వేసుకుంటే ఒకటి చిరిగింది. చిరిగిన గ్లౌజుతోనే డబ్బా, బ్రష్షు తీసుకుని, ఎవరి వైపూ చూడకుండా మరుగుదొడ్ల వైపు నడిచాడు. ఫొటో తియ్యబోయినవాడిని చేత్తో వారించాడు. గడప దగ్గర ఆగాడు. ఒక కాలు లోపల, ఒక కాలు బయట. అక్కడ చాలాసేపు నిలబడ్డాడు. ఇక తిరిగి వచ్చేస్తాడేమో అనుకున్నారు అందరూ. ఎలీషమ్మ కూడా అనుకుంది.

ఆయన లోపలి కాలు అలాగే ఉంచి, తల మాత్రం వెనక్కి తిప్పాడు. మండలంలో నలుగురికి చెప్పగలిగిన మనిషి గొంతు చిన్నపిల్లవాడిదైపోయింది.

"ఎలీషా... ముందు నీళ్లా, ముందు పొడా?"

కెజియా కొంగు వదిలేసి అవ్వ మొహంలోకి చూసింది. ఎలీషమ్మ మనవరాలిని చూసి, గడప దగ్గరి సుధాకర్‌ను చూసి, కడ్డీ కిందికి దించింది.

"పొడి ముందు సుధాకర్! పది నిమిషాలు ఆగు. నీళ్లు ఎనక!"

రెండు రోజులుగా పిల్లకు చెప్పకుండా నోట్లోనే పెట్టుకున్న మాట అది. బడంతా వినేట్టు చెప్పి, కడ్డీ కెజియా చేతికిచ్చింది.